హైడ్రోజన్‌కి నేను పెట్టిన రెండు చుక్కలు

నేను బోర్డులు రాసేవాణ్ని. కిరాణా కొట్లు, రైసు మిల్లులు, లారీల వెనక పలకలు, పంచాయతీ ఆఫీసు గోడలు, చర్చి గుమ్మం మీద వాక్యాలు, గుడి ముందు దాతల పేర్లు, అన్నీ రాశాను. కోటబొమ్మాళి నుంచి శ్రీముఖలింగం దాకా రోడ్డు పక్కన ఏ గోడ చూసినా ఒకప్పుడు నా చేతి రాతే. ఆ రాతలో ఒక్క ముక్క కూడా నాకు చదవడం వచ్చేది కాదు.

ఇదెలా కుదురుతుందని కుర్రకారు అడుగుతారు. ఏనుగు బొమ్మ వేసేవాడికి ఏనుగు భాష రావాలా? చీటీ మీద ఎవరో రాసిచ్చింది చూసి, దాన్ని గోడంత పెద్దది చెయ్యడం నా పని. కొమ్ము ఎక్కడ తిరుగుతుంది, సున్నా ఎంత గుండ్రం, రెండక్షరాల మధ్య ఎంత ఖాళీ, ఇవి తెలిస్తే చాలు. చీటీ పోతే మాత్రం నా పని ఆగిపోయేది.

చదవడం నలభై ఏడేళ్ళకి వచ్చింది. నేర్పింది మా ఆడది. ఆమె మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివింది. బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని నా బోర్డులే నా చేత చదివించేది. నేను జీవితంలో అన్నిటికంటే శ్రద్ధగా రాసిన గోడ ఒకటుండేది, రెండు పక్కలా గులాబీలు వేసి, అక్షరానికి నీడ ఇచ్చి. దాన్ని కూడబలుక్కుని చదివితే తేలిందేమిటంటే, ఇచ్చట మూత్రం పోయరాదు అని. మా ఆడది బస్సు దిగేదాకా నవ్వింది. "ఆ గులాబీలు సూసి ఎంతమంది ఆగిపోనారో" అంది.

గులాబీలు రెండు పక్కలా ఎందుకు వేశానంటే, మా గురువు నేర్పిన పద్ధతి అది. ఒక పక్క ఏదైనా ఉంటే రెండో పక్క కూడా ఉండాలి. "నేకపోతే బోర్డు వంగినట్టు అవుపిస్తాది, ఓనరు దించీమంటాడు" అనేవాడు. ఆ మాట నా చేతిలోకి దిగిపోయింది. తలతో ఆలోచించే పనే ఉండేది కాదు. కుంచె తనంతట తనే రెండో పక్కకి వెళ్ళేది. నేను చెప్పబోయే కథంతా ఆ కుంచె చేసిన పనే.

ఫ్లెక్సీలు వచ్చాక మా పని చచ్చింది. చివరికి మిగిలినవి బడి గోడలే. కొన్నేళ్ళ క్రితం, వంశధార ఇవతల ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వరండా గోడ నిండా బొమ్మలు వెయ్యాలని పిలిచారు. ఊరు పేరు చెప్పను. కెమిస్ట్రీ చెప్పే మేడమ్ పిలిపించింది. ముప్పై దాటని మనిషి, గెస్టు లెక్చరరు. అంటే ఏటా జూన్‌లో మళ్ళీ తీసుకుంటే ఉద్యోగం, లేకపోతే లేదు. నన్ను మొదటి రోజే బాబాయ్ అంది.

ఆమె ఇరవై నాలుగు పెద్ద షీట్ల మీద పెన్సిల్‌తో వేసి ఇచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య గీతలు, అక్కడక్కడా జంటలు జంటలుగా చుక్కలు. ఇవేం బొమ్మలో నాకు తెలియదు. అడగలేదు కూడా. ముప్పై ఐదేళ్ళు అడగకుండా రాసినవాణ్ని.

పని ఎలా చేస్తామో ఇక్కడ కాస్త చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. షీటు మీద గీతా చుక్కా ఉన్నచోటల్లా సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడుస్తాం. షీటు గోడకి అంటించి, నీలం పొడి కట్టిన గుడ్డ మూటతో దాని మీద అద్దుతాం. షీటు తీస్తే గోడ మీద నీలం చుక్కల్లో బొమ్మ దిగి ఉంటుంది. దాని మీద ఎనామిల్ రంగు వేస్తాం. అక్షరాలూ గీతలూ నలుపు, చుక్కలు ఎరుపు. అలా వేశాను.

వేసి, మెట్ల నిచ్చెన దిగి, దూరంగా నుంచుని చూశాను. కొన్ని బొమ్మలు వంగినట్టున్నాయి. ఒక చివర హెచ్ అక్షరం, దాని పక్కన ఇంకొకటి. ఆ రెండోదాని చుట్టూ ఎర్రచుక్కలు. హెచ్ పక్క బోడి. పాపం మేడమ్ తొందరలో మరిచిపోయినట్టుంది అనుకున్నాను. ఎక్కి, బోడిగా ఉన్న హెచ్ బయటి పక్కన రెండేసి చుక్కలు పెట్టాను. ఎన్ని బొమ్మలకి పెట్టానో లెక్క లేదు. పెట్టాక గోడ నిటారుగా నిలబడ్డట్టు అనిపించింది.

మేడమ్ వచ్చి చూసి, "ఎంత బాగున్నాయి బాబాయ్" అంది. ప్రిన్సిపాల్ గారు ఫోటో తీయించుకున్నారు. నేను షీట్లు చుట్టి చెత్తలో పడేసి ఇంటికొచ్చాను.

సంక్రాంతి దాటిన తర్వాత గేటు మీద కాలేజీ పేరు వెలిసిపోయిందని మళ్ళీ కబురొచ్చింది. వెళ్ళేసరికి వరండా గోడకి షామియానా గుడ్డ కప్పి ఉంది. అటెండరు నా ఈడువాడే. బీడీ చేతిలో పెట్టుకుని గేటు దగ్గర నుంచున్నాడు.

"గోడకేటైనాది బావా? ముసుగేసినారు" అన్నాను, కుంచె రంగులో ముంచుతూ.

"నీ బొమ్మలకి కేసైనాది" అన్నాడు.

నవ్వులాటకి అంటున్నాడనుకున్నాను. కాదు. పబ్లిక్ పరీక్షకి ముందు జరిగే పరీక్షలో మన పిల్లల కాగితాలు వేరే కాలేజీ లెక్చరరు దిద్దాడట. ఒక ప్రశ్నకి ముప్పై ఇద్దరు పిల్లలు ఒకే తప్పు రాశారట. పది రకాల తప్పులు ఉండాల్సిన చోట ముప్పై ఇద్దరికీ ఒకటే తప్పు. కాపీ కొట్టించారని ఆయన పైకి రాశాడు.

"ఏటి తప్పు?" అన్నాను.

"హెచ్ పక్కన రెండు చుక్కలంట. ఉండకూడదంట. మనకేటి తెలుస్తాది?"

నా చేతిలో కుంచె ఉంది. రంగు డబ్బాలో పెట్టడం మరిచిపోయాను. చొక్కా మీద కారింది.

"పిల్లలు గోడ మీద ఉన్నాదని సెప్పలేదేటి?"

"సెప్పినారు. అది ఇంకా సెడ్డైనాది." అటెండరు బీడీ పారేశాడు. "కాపీ అయితే మేడమ్ కొట్టించినట్టు. గోడ అయితే మేడమ్‌కే సదువు రానట్టు. ఏదైనా పోయీది మేడమే. బుధవారం ఆఫీసరు వస్తన్నాడు."

ఆ రోజు శనివారం.

మేడమ్ ల్యాబులో ఒక్కతే గాజు గొట్టాలు కడుగుతోంది. నేను గుమ్మంలోనే నుంచుని చెప్పేశాను. "ఆ సుక్కలు నేనే ఎట్టినాను మేడమ్. మీ షీటు మీద నేవు."

ఆమె కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. "ఎందుకు పెట్టావ్ బాబాయ్?"

"బోడిగా ఉన్నాదని."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. స్టూలు మీద కూర్చుని, "రోజూ అదే వరండాలో నాలుగుసార్లు నడుస్తాను. పిల్లలకి నేనే చెప్పాను, మిగతావి గోడ మీద చూసుకోండని. నాకెందుకు కనబడలేదు?" అంది.

దాని గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను. ఆమెకి ఆ బొమ్మలు వచ్చు. వచ్చినవాడు చూడడు. హెచ్ కనబడగానే మిగతాది తన తలలోంచి చదివేసుకుంటాడు. నాకు ఒక్కటీ రాదు కాబట్టి ప్రతి చుక్కా చూశాను. చూసి పాడుచేశాను. చదువుకి ఒక గుడ్డితనం, చదువు లేకపోవడానికి ఇంకో గుడ్డితనం. ఏది పెద్దదో నేను చెప్పలేను.

"బుధవారం నేను సెప్తాను" అన్నాను.

"ఏం చెప్తావ్? ఎన్ని మార్చావో గుర్తుందా?"

లేదు. గోడ దగ్గరికి వెళ్ళనివ్వరు. ప్రిన్సిపాల్ గారు భయస్థుడు. ఆఫీసరు వచ్చేదాకా గుడ్డ ఎత్తొద్దని ఆర్డరు వేశాడు.

"అయితే ఏది తప్పో, ఏది ఒప్పో తెలుసుకునీది నాకు నేర్పండి" అన్నాను. "మీరు ఇదీ, ఇదీ అని సూపిస్తే అది మీరు సెప్పినట్టుంటాది. నేను పట్టుకుంటే నాదవుతాది."

ఆమె కుళాయి కట్టేసింది. తర్వాత సుద్దముక్క తీసింది.

ఆది, సోమ, మంగళ, మూడు రోజులు ఆ ల్యాబులో చదువుకున్నాను. మేడమ్ ఆదివారం కూడా వచ్చింది పాపం, ఇంట్లో పని వదులుకుని. నేను నేర్చుకున్నదంతా కలిపితే ఒక అరచేతిలో పడుతుంది. ఒక్కో అక్షరం ఒక్కో పరమాణువు. దాని బయటి వరసలో ఇన్ని ఎలక్ట్రాన్లని ఉంటాయి. హైడ్రోజన్‌కి ఒకటి, కార్బన్‌కి నాలుగు, నైట్రోజన్‌కి అయిదు, ఆక్సిజన్‌కి ఆరు, క్లోరిన్‌కి ఏడు. వాటిని వేలన్సీ ఎలక్ట్రాన్లంటారు. బొమ్మలో ఎన్ని అక్షరాలున్నాయో అన్నింటివీ కూడాలి. అది తెచ్చుకున్న సరుకు. ఇప్పుడు బొమ్మ మీద చూడాలి. ఒక్కో గీత అంటే రెండు, ఒక్కో చుక్క అంటే ఒకటి. అది వాడిన సరుకు. తెచ్చిందీ వాడిందీ ఒకటి కావాలి. ఆ తర్వాత ఎవరికెన్ని చేరాయో చూడాలి, ఎనిమిది అయితే తృప్తి. హైడ్రోజన్‌కి రెండే తృప్తి.

"దానికి రెండే ఎందుకు?" అన్నాను.

"దాని బయటి వరసలో అంతే చోటుంది బాబాయ్."

"ఎవరైనా సూసొచ్చినారా?"

ఆమె నవ్వింది. ఆ మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. "కళ్ళతో ఎవరూ చూడలేదు. ఇలా అనుకుని లెక్క వేస్తే చాలావాటికి కుదిరింది. కుదరనివీ కొన్ని ఉన్నాయి."

నాకు ఆ జవాబు నచ్చింది. అక్షరాల మధ్య ఖాళీ కూడా ఎవరూ కొలవరు. కుదిరితే బోర్డు చదవడానికి వస్తుంది, అంతే తెలుస్తుంది. కానీ కుదరనివి కొన్ని ఉన్నాయంటే మాత్రం తలలో పురుగు తిరగడం మొదలైంది. అవేమిటి, అవెందుకు కుదరలేదు అని వేధించాను. "బుధవారం అయ్యాక" అంది.

గీతలో కలవకుండా విడిగా ఉండే రెండు చుక్కల్ని ఒంటరి జంట అంటారట. "జంటైతే ఒంటరేటి మేడమ్?" అన్నాను. "అది పుస్తకం రాసినవాళ్ళని అడగాలి" అంది.

మంగళవారం సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ కూడా వేళ్ళు ముడుస్తున్నాను. మా ఆడది చూసింది. "ఏటయ్యా, ముద్దలు లెక్కెడతన్నావా? నాను తక్కువెట్టలేదు."

"రేపు ఆఫీసరు ముందు పరీచ్చే."

"ఏ తరగతి?"

"పన్నెండు."

"ఒకటీ రెండూ ఎప్పుడు పాసైనావు?" అంది. కానీ పొద్దున్న ఇస్త్రీ చొక్కా తీసి పెట్టింది.

బుధవారం పదింటికి వచ్చారు. ఆఫీసరు, ఆయనతో కాగితాలు దిద్దిన లెక్చరరు, ఇంకొక లెక్చరరు. ఆఫీసరు కూడా ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పినాయనేనని అటెండరు చెవిలో ఊదాడు. గుడ్డ ఎత్తించారు. ముగ్గురూ గోడ ముందు చాలాసేపు నుంచున్నారు. మేడమ్ స్తంభం పక్కన నుంచుంది. పిల్లలందరినీ క్లాసుల్లో కూర్చోబెట్టారు గాని కిటికీల నిండా తలకాయలే.

"ఈయనెవరు?" అన్నాడు ఆఫీసరు నన్ను చూసి.

"పెయింటరు సార్" అన్నారు ప్రిన్సిపాల్.

"పెయింటరుతో మనకేం పని?"

"తప్పు నాది సార్. పని నాతోనే" అన్నాను. కుంచె కథంతా చెప్పాను, గులాబీల సంగతి తప్ప.

కాగితాలు దిద్దినాయన పెదవి విరిచాడు. "మేడమ్ ఇలా చెప్పమన్నారా?"

"నేదు సార్. మేడమ్ సెప్పమంటే ఇంకా బాగా సెప్పీవాణ్ణి."

ఆఫీసరు మొహంలో ఏదో కదిలింది. "రుజువేమిటి? ఆమె ఇచ్చిన షీట్లేవి?"

"చెత్తలో పారేసినాను. గోడే రుజువు సార్." జేబులోంచి బ్లేడు తీశాను. క్లోరిన్ పక్కనున్న చుక్క ఒకటి అంచు లేపి పెంకులా ఊడదీశాను. అరచేతిలో తిరగేసి చూపించాను. ఎర్ర పెంకు వెనక నీలం అంటుకుని ఉంది. "ఇది మేడమ్ పెట్టింది. షీటు మీంచి దిగింది, అందుకు నీలం." తర్వాత అదే బొమ్మలో హైడ్రోజన్ పక్కనున్న చుక్క ఊడదీశాను. వెనక తెల్లగా సున్నం తప్ప ఏమీ లేదు. "ఇది నాది. కుంచెతో ఊరికే ఎట్టినాను."

ఆఫీసరు కళ్ళద్దాలు పెట్టుకుని రెండు పెంకులూ తిప్పి తిప్పి చూశాడు. కాగితాలు దిద్దినాయన ఊరుకోలేదు. "ఒకటి చూపించాడు సార్. గోడ మీద ఇంకెన్ని తప్పులున్నాయో, అవి ఎవరివో?"

"ఎన్ని మార్చావ్?" అన్నాడు ఆఫీసరు.

"గురుతు నేదు సార్. లెక్కెట్టి సెప్తాను."

"నువ్వు లెక్కపెడతావా?"

"ఆదివారం నించి వచ్చు సార్."

కిటికీల దగ్గర నవ్వులు. ఆఫీసరు మేడమ్ వైపు తిరిగి, "మీరు ఒక్క మాట కూడా అందించకూడదు" అన్నాడు. ఆమె తల ఊపింది.

సుద్దముక్క పట్టుకుని మొదటి బొమ్మ దగ్గర మొదలుపెట్టాను. ఒక్కోదాని కింద తెచ్చిన లెక్క, వాడిన లెక్క రాసుకుంటూ పోయాను. నీళ్ళు: ఒకటీ ఒకటీ ఆరూ ఎనిమిది; రెండు గీతలు నాలుగు, నాలుగు చుక్కలు, ఎనిమిది. సరి. అమ్మోనియా సరి. హైడ్రోజన్ సైనైడ్ అనేది ఒకటుంది, హెచ్, సి, ఎన్ వరసగా: ఒకటీ నాలుగూ అయిదూ పది, గోడ మీద గీతలు నాలుగు, ఎనిమిది, ఎన్ పక్క రెండు, హెచ్ పక్క రెండు, పన్నెండు. బ్లేడుతో తీశాను. తెలుపు. నాదే. గంట పట్టింది. నడుము పట్టేసింది. కిటికీల్లో పిల్లల పెదవులు నాతోపాటు కదులుతున్నాయి. ఎక్కడైనా నేను ఆగితే వాళ్ళు ముందే వేళ్ళు చూపిస్తున్నారు, ఆఫీసరు తిరిగితే దించేస్తున్నారు. మొత్తం అయిదు దొరికాయి. అయిదూ హైడ్రోజన్ ఒక చివర ఉన్నవే. అయిదూ వెనక తెలుపే.

ఇరవై రెండో బొమ్మ ఓజోను. మూడు ఆక్సిజన్లు. ఆరు మూళ్ళు పద్దెనిమిది. గోడ మీద లెక్కపెట్టాను. ఇరవై.

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై. ఇందులో నేను చెయ్యి పెట్టలేదు. పెట్టక్కర్లేదు, అది చక్కగా ఉంది. మధ్య ఆక్సిజన్‌కి పైన రెండు చుక్కలు, కింద రెండు చుక్కలు, చూడముచ్చటగా. మూడోసారి లెక్కపెట్టి, కిందున్నవాటిలో ఒకటి బ్లేడుతో లేపాను. అరచేతిలో తిరగేశాను. నీలం.

పిడికిలి మూసేశాను.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు వెనకనుంచి.

"ఇదీ నాదే సార్" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు.

"బాబాయ్, చెయ్యి తెరువు" అంది మేడమ్.

తెరవలేదు. ఆమె స్తంభం దగ్గర్నుంచి నడిచొచ్చి, నా పక్కన నుంచుని, గోడ మీద వేలుతో ఒక్కో చుక్కా ముట్టుకుంటూ లెక్కపెట్టింది. "ఇది నాది సార్" అంది ఆఫీసరుతో. "మధ్య ఆక్సిజన్‌కి ఒక జంట ఎక్కువ వేశాను. షీటు మీద నేనే వేశాను. ఇప్పటిదాకా నాకు తెలియదు."

 ప్రిన్సిపాల్ గారు రుమాలు తీశారు. నాకైతే ఆమె ఉద్యోగం నా బ్లేడుతోనే గీకేశాననిపించింది.

ఆఫీసరు గోడకి దగ్గరగా వచ్చాడు. ఆయన పెదవులు కూడా కదిలాయి. తర్వాత కాగితాలు దిద్దినాయన వైపు తిరిగాడు. "గుడ్డ ఎత్తినప్పటి నుంచి మనం దీని ముందే నుంచున్నాం. మీరు చూశారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదు సార్."

"నేనూ చూడలేదు" అన్నాడు ఆఫీసరు. రెండో లెక్చరర్ని అడగనే లేదు. ఆయన అప్పటికే ఇంకో బొమ్మ లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆఫీసరు కుర్చీ వేయించుకుని అక్కడే రిపోర్టు రాశాడు. కాపీ కాదు, పిల్లలు గోడ చూసి నేర్చుకున్నారు, గోడ తప్పు పెయింటరుది, అతను ఒప్పుకున్నాడు. ఓజోను సంగతి కూడా రాశాడు, మేడమ్ తానే చెప్పిందని. ఆ ప్రశ్నకి పిల్లలతో మళ్ళీ జవాబు రాయించమన్నాడు. వెళ్ళేటప్పుడు నన్ను పిలిచి, "నైట్రిక్ ఆక్సైడు లెక్క వేశావా?" అన్నాడు.

"వేసినాను సార్. పదకొండు వచ్చింది, గోడ మీద పదకొండే ఉన్నాది. ఒక సుక్కకి జత నేదు. అది తప్పు కాదేటి?"

"కాదు. అది అంతే. ఎందుకో మేడమ్‌ని అడుగు" అని జీపెక్కాడు. కుదరనివి కొన్ని ఉన్నాయంటే అదే మరి. ఆ ఒంటి చుక్క గురించి ఆమెని నేను అడిగినన్ని ప్రశ్నలు ఆమె పిల్లలు ఏ ఏడూ అడిగి ఉండరు. ఈ రోజుకీ నాకు సగమే అర్థమైంది.

ఆ జూన్‌లో మేడమ్‌ని మళ్ళీ తీసుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది, ఇప్పటికీ గెస్టే. అతిథిని ఇన్నేళ్ళు కూర్చోబెట్టి కుర్చీ సొంతం చెయ్యనివాళ్ళని ఏమనాలో నాకు తెలియదు.

అయిదు బొమ్మలూ నేనే సరిచేశాను, ఊరికే. ఓజోను దగ్గరికి నిచ్చెన జరుపుతుంటే ఆమె ఆపింది. "దాన్ని ఉంచు బాబాయ్" అంది. కొత్త పిల్లలు రాగానే వరండాలో నుంచోబెట్టి, ఈ ఇరవై నాలుగింటిలో ఒకటి తప్పు, ఏదో పట్టుకోండి అంది. నెల్లాళ్ళు ఆ వరండాలో సుద్దముక్కలకి కరువొచ్చింది. దొరికాక ఓజోను సరిచేయించి, మరుసటి ఏడాది నన్నే పిలిచి, ఎక్కడైనా ఒక తప్పు పెట్టు, నాకు కూడా చెప్పకు అంది.

అలా నా వృత్తిలో చివరి పని తప్పు వెయ్యడం అయింది. నవ్వకండి, ఒప్పు వెయ్యడం కంటే కష్టం. తప్పు అందంగా ఉండాలి, చూపు జారిపోవాలి. ఒక ఏడు నైట్రిక్ ఆక్సైడులో ఆ ఒంటి చుక్కకి జత పెట్టాను. పిల్లలు రెండు జట్లయి కొట్టుకున్నారు. జంటగా ఉంటేనే ఒప్పని ఒక జట్టు, లెక్క చూడండ్రా అని ఇంకో జట్టు. టీ కొట్టు దగ్గర నన్ను చుట్టుముట్టేవారు.

"తాతా, ఈ యేడు ఎక్కడెట్టినావు?"

"సెప్పీడానికి ఎట్టినానేటిరా?"

ఈ ఏడు జూన్‌లో మోకాలు వాచింది. నిచ్చెన మొదటి మెట్టు ఎక్కి దిగిపోయాను. చుట్టూ ఎవరూ లేరు. గోడ మీద ఏమీ పెట్టకుండా, పెట్టినట్టే డబ్బా మూసుకుని వచ్చేశాను. సిగ్గేసి మేడమ్‌కి చెప్పలేదు. ఆమె ఎప్పట్లాగే పిల్లలకి చెప్పింది, ఒకటి తప్పుందని.

జూలై అంతా పిల్లలు తప్పులు పట్టుకొచ్చారు. లేని తప్పు ఎన్ని రకాలుగా దొరుకుతుందో అప్పుడు చూశాను. పాపం అమ్మోనియాని నలుగురు దోషిని చేశారు. ఒకడు నీళ్ళు తప్పన్నాడు. మేడమ్ ఉందంటే ఉండాలి కదా, అందుకని ఏదో ఒకటి తప్పు చేసి చూపించేవారు. నేను టీ తాగుతూ వినేవాణ్ని. చెప్పేద్దామనుకుంటూనే రోజులు జరిపేశాను.

ఆగస్టులో ఒక గుంట వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరి పిల్ల, మొదటి సంవత్సరం. బస్సు దిగి తిన్నగా టీ కొట్టులో నా బల్ల దగ్గరికి వచ్చి నోటుబుక్కు తెరిచి పెట్టింది. ఇరవై నాలుగు బొమ్మలు, ఒక్కోదాని కింద తెచ్చినదీ వాడినదీ.

"తాతా, తప్పు నేదు" అంది.

"సరిగ్గా సూడు."

"మూడుసార్లు సూసినాను. నువ్వు ఎట్టలేదు."

"మేడమ్ ఉందని సెప్పినారు కదే."

ఆ పిల్ల నోటుబుక్కులో మళ్ళీ చూసుకుంది. మేడమ్ మాట కాదనడం దానికీ కష్టంగానే ఉంది. "మేడమ్ లెక్కెట్టి ఉండరు" అంది. "నేను లెక్కెట్టినాను."

టీ గ్లాసు పక్కన పెట్టి, నోటుబుక్కు నా వైపు తిప్పుకుని, మొదటి బొమ్మ మీద వేలు పెట్టాను.